పాడే పాదిరిగారి పాటలు: పాతనగరంలో కొన్న ఒక పెన్‌డ్రైవు

విశాఖపట్నం పాతనగరంలో, కురుపాం మార్కెట్ దాటి పాత పోస్టాఫీసు వైపు వెళ్లే దారిలో, పాత గ్రామఫోన్ రికార్డులు కొని, అమ్మి, అడిగినవారికి వాటిలోని పాటలను పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చే ఒక చిన్న దుకాణం ఉంది. ఆ దుకాణం వారు సొంతంగా తయారుచేసి అమ్ముతున్న ఒక పెన్‌డ్రైవు గురించీ, దానితో పాటు ఇచ్చే 56 పేజీల తెలుగు పుస్తకం గురించీ ఇక్కడ రాస్తున్నాను. రెండూ కలిపి వెల 750 రూపాయలు. నైజీరియాకు చెందిన ఆంగ్లికన్ సంఘకాపరి, గాయకుడు జోసాయా జెస్సీ రాన్సమ్-కుటి 1922లో లండన్‌లో పాడి ఇచ్చిన పాటల్లో తొమ్మిది అందులో ఉన్నాయి. దుకాణం పేరు రాయడం లేదు. నాకు ఆ పనిలో నచ్చినవెన్నో నచ్చనివీ అన్ని ఉన్నాయి, నచ్చనివాటిని యజమానికి ఎదురుగా కూర్చునే చెప్పాను, ఆయన సగం ఒప్పుకున్నారు.

నేను అక్కడికి వెళ్లింది ఈ పాటల కోసం కాదు. మా నాన్నగారు దాచుకున్న తెలుగు క్రైస్తవ కీర్తనల రికార్డులు మూడు మా ఇంట్లో ఉన్నాయి. సముద్రపు గాలికి అట్టసంచులు మెత్తబడి, రికార్డుల మీద తెల్లటి బూజు పట్టింది. ఇంకొన్నాళ్లు ఆగితే గాడులు పూర్తిగా పోతాయన్న భయంతో వాటిని పట్టుకెళ్లాను. యజమాని ఒక రికార్డును దీపం కిందికి వంచి చూసి, తడిపిన మెత్తటి కుంచెతో గాడి వెంబడి గుండ్రంగా తుడుస్తూ, "మాస్టారూ, మీరు చర్చిలో పాటలు నేర్పుతారు కదా, ఇది పని పూర్తయ్యేలోగా ఇంకోటి వినండి," అని ఈ పాదిరిగారి పాట పెట్టారు. అర్థం ఒక్క ముక్క తెలియని భాష, వెనక పల్చగా పియానో, వయసు మీద పడిన మనిషి గొంతు. పాట ముగిసేసరికి నేను పర్సు తీశాను.

పుస్తకం మొదటి సగం చాలా బాగుంది, ఆ మాట ముందే చెప్పాలి. రాన్సమ్-కుటి 1855లో అబెయొకుట పట్టణంలో పుట్టారు. ఇప్పటి నైజీరియాలో లాగోస్‌కు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరి పేరుకు యోరుబా భాషలో 'రాతి కింద' అని అర్థం. యుద్ధాల్లో చెదిరిపోయిన ఎగ్బా ప్రజలు 1830 ప్రాంతంలో ఒలుమో అనే పెద్ద బండ నీడకు చేరి కట్టుకున్న ఊరు అది. కొండల కింద ఊరు అంటే ఏమిటో మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. తండ్రి లికోయే కుటి నేతపనివాడు, సంగీతం తెలిసినవాడు, కొత్త మతాన్ని గట్టిగా ఎదిరించినవాడు. తల్లి ఎకిదాన్ ఆ ఊరిలో తొలినాళ్లలోనే క్రైస్తవం స్వీకరించినవారిలో ఒకరు. ఇంగ్లీషు మిషనరీ హెన్రీ టౌన్సెండ్ అబెయొకుటకు మొదట వచ్చింది 1843లో కాబట్టి, ఆ ఇంట్లో తల్లీ తండ్రీ చెరో వైపు నిలబడిన రోజుల్లో ఆ ఊరి సంఘానికే ఇంకా పాలపళ్లు ఊడలేదు. తండ్రి పాటకాడు, తల్లి విశ్వాసి. ఈ బిడ్డకు రెండు వైపుల నుంచీ రావలసింది వచ్చింది. పుస్తకం రాసినవారు ఈ భాగాన్ని ఎక్కడా ఉపన్యాసంగా మార్చకుండా, తెలిసిన కుటుంబం గురించి మాట్లాడుతున్నట్టు రాశారు.

తరువాతి జీవితం కూడా తారీఖులతో సక్రమంగానే ఉంది. మిషను బడిలో చదువు, ఉపాధ్యాయ శిక్షణ, కొన్నాళ్లు అబెయొకుటలో బడిపంతులుగా పని, 1879లో లాగోస్‌లోని మిషను బాలికల పాఠశాలలో సంగీతం చెప్పే ఉద్యోగం, 1882లో బెర్తా ఒలుబితో పెళ్లి. 1895లో గురువుకు ముందు మెట్టైన డీకనుగా, 1897లో గురువుగా అభిషేకం పొంది, ఎగ్బా ప్రాంతంలో ఊరూరా తిరిగి సంఘాలు కట్టారు. 1911లో అబెయొకుటలోని ఆకే సెయింట్ పీటర్స్ చర్చికి కాపరి అయ్యారు. నైజీరియాలో మొదటి చర్చిగా చెప్పుకునేది అదే. 1922లో లాగోస్ కెథీడ్రల్‌లో కేనన్ అనే గౌరవ పదవి దక్కింది. 1930 సెప్టెంబరులో కన్నుమూశారు. ఇంత జీవితాన్ని పుస్తకం పద్నాలుగు పేజీల్లో చెప్పింది. నా మటుకు నాకు అది తక్కువే. ఎందుకంటే ఆయనను 'పాడే పాదిరిగారు' అని ఎందుకు పిలిచారో చెప్పడానికి అందులో ఒకే ఒక్క పేరా మిగిలింది.

ఈ పెన్‌డ్రైవు కొన్నవారికి తెలియవలసిన అసలు సంగతి ఆ పేరాలోనే ఉంది, అందుకని దాన్ని కొంచెం విప్పి చెబుతాను. యోరుబా భాషలో మాటకు అర్థాన్నిచ్చేది అక్షరాలు మాత్రమే కాదు, పలికే స్థాయి కూడా. 'ఒకొ' అని మనకు ఒకేలా వినిపించే మాటను మధ్యస్థాయిలో పలికితే భర్త. చివర పైకెత్తితే మట్టి తవ్వే పార. చివర కిందికి దించితే ప్రయాణించే బండి లేదా పడవ. రెండక్షరాలూ కిందికి దించితే ఈటె. అటువంటి భాషలోకి ఇంగ్లీషు కీర్తనలను అనువదించి, వాటిని ఇంగ్లీషు బాణీల్లోనే పాడించినప్పుడు, మాట దిగవలసిన చోట రాగం ఎక్కుతుంది, మాట ఎక్కవలసిన చోట రాగం దిగుతుంది. పాడేవారికి పుస్తకం చేతిలో ఉంది కనుక సరిపోయింది గాని, బయట గుమ్మంలో నిలబడి వినే పల్లెటూరి మనిషికి అందులో ఏం వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. రాన్సమ్-కుటి చేసిన పని ఏమిటంటే, తన ప్రజలకు అప్పటికే నాలుక మీద ఉన్న జానపద బాణీలను తీసుకుని, మాట నడకను బట్టి రాగం నడిచేలా భక్తిగీతాలు కట్టి, వాటిని పాడుకుంటూ ఊళ్లలోకి వెళ్లడం. ప్రసంగం వినడానికి రానివారు పాట వినడానికి వచ్చారు.

ఇది నాకు ఇంత గట్టిగా తగలడానికి కారణం మా గాయక బృందమే. తెలుగులో స్థాయి మారితే అర్థం మారదు గాని, దీర్ఘం మారితే మారుతుంది. కొన్నేళ్ల కిందట ఇంగ్లీషు బాణీలో ఉన్న ఒక అనువాద గీతం నేర్పుతున్నప్పుడు, 'నీ పాదముల పడుదును' అన్న చోట బాణీ రెండు మాత్రలు సాగమంటుంది కనుక, ముప్పైమందీ కలిసి 'పాడుదును' అని సాగదీసి పాడారు. ఎవరికీ తేడా తెలియలేదు, పాడినా పడినా భక్తే కదా అని ఒక కుర్రవాడు అన్నాడు. ఆ బాధ పడకుండా మనకు దారి చూపినవారు మన దగ్గరా ఉన్నారు. పురుషోత్తమ చౌదరిగారు, 1803లో పుట్టి 1890లో పోయినవారు, తాను కూడా బోధకుడే. కర్ణాటక రాగాల్లో తెలుగు క్రైస్తవ కీర్తనలు కట్టారు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన నెత్తిన రాగం, తాళం పేర్లు ఉండడం మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అబెయొకుట పాదిరిగారు లాగోస్‌లో సంగీతం పాఠాలు చెబుతున్న రోజుల్లో చౌదరిగారు ఇంకా బతికే ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం లేదు. 1805లోనే లండన్ మిషనరీలు దిగి తెలుగు బైబిలు అనువాదానికి పూనుకున్న ఈ విశాఖపట్నంలో కూర్చుని తయారుచేసిన పుస్తకంలో, ఈ పోలిక మీద ఒక్క పేజీ అయినా ఉండవలసింది. లేదు. అడిగితే, "నాకు చర్చి పాటల సంగతి తెలియదండీ, రికార్డుల సంగతి తెలుసు," అన్నారు యజమాని, నిజాయితీగానే.

ఆ స్థలమంతా ఎక్కడికి పోయిందంటే, మనవల మీదికి పోయింది. పుస్తకంలో ఇరవై పేజీలకు పైగా ఫేలా కుటి కథే ఉంది. ఫేలా 1938లో పుట్టి 1997లో మరణించిన ప్రపంచ ప్రసిద్ధ సంగీతకారుడు, ఆఫ్రోబీట్ అనే సంగీత శైలికి ఆద్యుడు, సైనిక ప్రభుత్వాలను పాటలతో చీల్చి చెండాడినవాడు. పేరులోని 'రాన్సమ్' పరాయి పేరని తీసివేసి 'అనికులాపో' అని పెట్టుకున్నవాడు. ఆయన కథ ఆసక్తిగానే ఉంటుంది, కాదనను. కాని అట్ట మీద తాతగారి బొమ్మ వేసి లోపల మనవడి కథ అమ్మడం సరుకు తూకంలో మోసం వంటిదే. పైగా ఒక చోట ఫేలాను పాదిరిగారి కొడుకుగా అచ్చువేశారు. కొడుకు పేరు ఇజ్రాయెల్ ఒలుదొతున్ రాన్సమ్-కుటి. ఆయన కూడా సంఘకాపరి, అబెయొకుట గ్రామర్ స్కూలు ప్రధానోపాధ్యాయుడు, నైజీరియా ఉపాధ్యాయ సంఘానికి మొదటి అధ్యక్షుడు. ఆయన భార్య ఫున్మిలాయో అబెయొకుట స్త్రీలను కూడగట్టి పన్నులకు వ్యతిరేకంగా ఉద్యమం నడిపిన నాయకురాలు. వారి పిల్లల్లో ఫేలా ఒకరు, దేశానికి ఆరోగ్య మంత్రిగా పనిచేసిన వైద్యుడు ఒలికోయే ఒకరు. ముత్తాత లికోయే పేరు మళ్లీ ఆ వైద్యుడిలో వినిపిస్తుంది. నోబెల్ బహుమతి పొందిన రచయిత వోలె షోయింకా తల్లి కూడా ఈ పాదిరిగారి మనవరాలే. ఈ వంశవృక్షాన్ని ఒక పేజీలో బొమ్మగా వేసి ఉంటే ఇరవై పేజీలు మిగిలేవి, తప్పూ దొర్లేది కాదు.

ఇంకొక అతిశయోక్తి వెనక అట్ట మీద ఉంది: 'రికార్డులో పాడిన మొట్టమొదటి ఆఫ్రికా భక్తి గాయకుడు' అట. అంత పెద్ద ఖండానికి మొట్టమొదటివాడిని తేల్చడం ఎవరి తరమూ కాదు, అవసరమూ లేదు. నైజీరియా నుంచి వచ్చి గ్రామఫోన్ రికార్డులు ఇచ్చిన తొలితరం వారిలో ఆయన ఒకరు, అది చాలు. మరుసటి సంవత్సరమే, అంటే 1923లో, దక్షిణాఫ్రికా రచయిత సోల్ ప్లాట్జే కూడా లండన్‌లో, పాదిరిగారి పాటలు ముద్రించిన జోనోఫోన్ అనే రికార్డుల కంపెనీకే, తన భాషల పాటలు పాడి ఇచ్చారు. ఈ సంగతి పుస్తకంలో ఉంటే, ఆ కంపెనీ ఆ రోజుల్లో ఎవరెవరిని పిలిచి పాడించిందో పాఠకుడికి తెలిసేది.

ఇక పాటలు. 1922 అంటే మైకు లేని కాలం. విద్యుత్తుతో ధ్వనిముద్రణ వచ్చింది 1925లో. పాడేవారు పెద్ద కొమ్ముబూర ఎదుట నిలబడి పాడాలి, ఆ గాలి తాకిడికే సన్నని పొర కదిలి, సూది మైనం మీద గాడి గీయాలి. తప్పుపోతే మైనం పలక పారేసి మళ్లీ మొదటి నుంచి పాడాలి. ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. అప్పటికి రాన్సమ్-కుటికి 67 ఏళ్లు. ఆ వయసులో ఓడ ఎక్కి ఇంగ్లండుకు వెళ్లి, ఆ కొమ్ముబూరలోకి నలభైకి పైగా పాటలు పాడి ఇచ్చారు. వయసు మళ్లిన గాయకులతో పనిచేసినవారెవరికైనా అది ఎంత శ్రమో తెలుస్తుంది. ఇంకో విషయం యజమాని చెబితేనే నాకు తట్టింది: ఆ రికార్డులకు వాడిన లక్క మన దేశపు చెట్ల మీది లక్కపురుగుల నుంచే అత్యధికంగా పోయేది. మన లక్క కలకత్తా రేవు నుంచి ఓడెక్కి పోయి, రికార్డులై తిరిగి వచ్చేది. 1908లో కలకత్తాలోనే ఫ్యాక్టరీ పెట్టారు గాని, అబెయొకుట పాదిరిగారి పాట ఏ లక్క మీద అచ్చయిందో చెప్పడం కష్టమేమీ కాదు.

దుకాణం వారి దగ్గర ఉన్నవి అసలు రికార్డులు కావు, విదేశంలోని ఒక సేకర్త పంపిన నకళ్లు. ఆ మాట పుస్తకంలో చిన్న అక్షరాల్లో వేయకుండా అట్ట మీదే చెప్పవలసింది. ఆ నకళ్లను ఇక్కడ 'శుభ్రం' చేశారు. నా పెద్ద ఫిర్యాదు దీని మీదే. చిటపటలు తీసేయడానికి కంప్యూటరుకు అప్పగిస్తే, అది చిటపటతో పాటు గొంతులోని గరుకును కూడా గీకేసింది. స, ష, ఫ వంటి అక్షరాలు ఊదినట్టు పోయాయి. గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంది. నాకు దుకాణంలో వినిపించిన పాట ఇలా లేదు. మరునాడు వెళ్లి నిలదీస్తే, "అది శుభ్రం చేయని ఫైలండీ, అందరూ చప్పుడు అంటారని ఇవ్వలేదు," అన్నారు. పట్టుబట్టి ఆ ఫైళ్లు కూడా వేయించుకున్నాను, అదనంగా డబ్బు తీసుకోలేదు. కొనేవారు ఎవరైనా శుభ్రం చేయనివి కూడా కావాలని గట్టిగా అడగండి. అందులో మొదటి పది సెకన్లు ఆవాలు వేగుతున్నట్టు ఉంటుంది, తరువాత చెవి దాన్ని పక్కన పెట్టేస్తుంది.

రెండో ఫిర్యాదు వేగం గురించి. పాటతో పాటు శ్రుతి చూద్దామని మా కీబోర్డు పక్కన పెట్టుకుని వింటే, వెనకాల పియానో ఏ మెట్టుకూ సరిపోక రెండు మెట్ల మధ్య ఇరుక్కుంది. ఆ కాలపు రికార్డులన్నీ నిమిషానికి సరిగ్గా 78 చుట్లే తిరగాలని లేదు. కొన్నింటిని 80 దగ్గర ముద్రించేవారు. 80కి ముద్రించినదాన్ని 78కి తిప్పితే శ్రుతి కీబోర్డు మీద దాదాపు అర మెట్టు దిగుతుంది, గొంతు కొంచెం బరువెక్కుతుంది, పాట కొంచెం సాగుతుంది. చెబితే యజమాని వాదించకుండా, నా ఎదుటే రెండు పాటల వేగం పెంచి వినిపించారు. పియానో మెట్టు మీదికి వచ్చి కూర్చుంది. పాదిరిగారి వయసు ఒక ఐదేళ్లు తగ్గినట్టయింది. మిగిలిన ఏడు పాటలూ సరిచేసి ఇస్తామన్నారు. ఇది రాసేనాటికి నాలుగు సరిచేశారు.

పాటల పేర్లు యోరుబాలో ఉన్నవాటిని తెలుగు లిపిలో రాసిన తీరు బాగాలేదు. స్థాయిల గుర్తులు ఎలాగూ మన లిపిలో లేవు, కనీసం పక్కన యోరుబా లిపిలో పేరు వేసి ఉంటే ఆసక్తి ఉన్నవారు వెతుక్కునేవారు. అర్థాలు నాలుగు పాటలకే ఇచ్చారు. సామ్యూల్ క్రౌథర్ వంటి యోరుబా బిషప్పు పూనుకుని 1884కల్లా పూర్తి బైబిలును ఆ భాషలో తెచ్చిన సంగతి ఒక పుటలో ఉంది. పాటల్లోని మాటలకు, ఆ అనువాదంలోని మాటలకు ఉన్న బంధం గురించి ఒక వాక్యం కూడా లేదు. అచ్చు మాత్రం శుభ్రంగా ఉంది, కాగితం మందం, అక్షరం పెద్దది, కళ్లజోడు మరిచిపోయినా చదవవచ్చు.

సేవ గురించి కూడా రెండు ముక్కలు. మా నాన్నగారి మూడు రికార్డులకు వైపుకు 200 చొప్పున తీసుకున్నారు. వారం అన్నది మూడు వారాలైంది, రెండుసార్లు ఫోను ఎత్తలేదు. ఒక రికార్డు అంచున సన్నటి బీట పడింది. అది మా ఇంట్లోనే పడిందో అక్కడ పడిందో తేల్చుకోలేకపోయాను, ఇచ్చేటప్పుడు ఫొటో తీసుకోకపోవడం నా తప్పు. మీరు వెళ్తే తీసుకోండి. రసీదులో ఎన్ని రికార్డులు, ఏ స్థితిలో ఇచ్చారో రాయించుకోండి. పని మాత్రం శ్రద్ధగా చేశారు. మా నాన్నగారి రికార్డుల్లో ఏదీ మితిమీరి గీకలేదు, నేను ముందే వద్దన్నాను గనుక. పెన్‌డ్రైవు మా కారు స్టీరియోలో పనిచేయలేదు, ఇంట్లో టీవీకి పెడితే పనిచేసింది; మార్చి ఇవ్వమంటే మార్చారు. ఆదివారం దుకాణం తెరవరు. మధ్యాహ్నం భోజనానికి మూసి నాలుగింటికి గాని తీయరు.

ఈ వెలకు పాటలు మాత్రమే ఇచ్చినా నేను కొనేవాడిని. పుస్తకం ఇప్పుడున్న రూపంలో మొదటి ఇరవై నాలుగు పేజీల వరకు చదివి పక్కన పెట్టవచ్చు. రెండో ముద్రణ వేస్తే ఫేలా బంధుత్వం దిద్దుతామని, చౌదరిగారి సంగతి నన్నే రాసి ఇమ్మని యజమాని అన్నారు. రాస్తానన్నాను.

గురువారం సాయంత్రం మా బృందం సాధనకు వచ్చినప్పుడు, వేగం సరిచేసిన పాటల్లో ఒకటి, శుభ్రం చేయనిది, ఏమీ చెప్పకుండా పెట్టాను. కుర్రవాళ్లు మొదట చిటపటకు నవ్వారు. డెబ్బై దాటిన మామ్మగారు ఒకరు, మా బృందంలో అందరికంటే పాతవారు, కళ్లు మూసుకుని వింటూ చేత్తో తొడ మీద తాళం వేశారు. పాట అయిపోయాక, "ఏ ఊరి పాదిరిగారు బాబూ?" అని అడిగారు. చెప్పాను. "మాట ఎక్కడా మింగలేదు చూడు. ఇంకోసారి పెట్టు," అన్నారు. మళ్లీ పెట్టాను.